కరెంటు కారు, ఎర్తు గుంత

మా పాత డీజిల్ కారు పుంగనూరు నుంచి మదనపల్లెకు వచ్చే దోవలో ఒక సాయంత్రం నిలబడిపోయింది. మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి, కొంచెంసేపు లోపలికి చూసి, మళ్లీ దించేశాడు. "ఇంక దీన్ని ఇబ్బంది పెట్టొద్దు మేడమ్" అన్నాడు. మమ్మల్ని ఇబ్బంది పెట్టొద్దని దానికి ఎవరూ చెప్పలేదు గానీ, ఆయన మాటలో న్యాయముంది.

నేను పుంగనూరులో గవర్నమెంటు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు టీచరును. ఇల్లు మదనపల్లెలో. పొద్దున పోయి సాయంత్రం రావడం, నెలకొకసారి కుప్పంలో తమ్ముడి ఇంటికి పోయి అమ్మను చూసి రావడం, ఇదీ నా ప్రయాణాల జాబితా మొత్తం. కారు నడిపేది నేనే. మా ఆయనకు డ్రైవింగు రాదు. రాదని ఆయన ఒప్పుకోరు, నేర్చుకోలేదంతే అంటారు. పక్కసీట్లో కూర్చుని, ఎక్కడ బ్రేకు వేయాలో, ఏ లారీని దాటాలో చెబుతుంటారు. ఇన్నేళ్లలో ఆయన ఒక్క యాక్సిడెంటూ చేయలేదు.

కొత్త కారు ఏది కొనాలన్నది వారంలో తేలిపోతుందనుకున్నాను. నా తప్పే. ఆయన రెవెన్యూలో డిప్యూటీ తాసిల్దారుగా రిటైరైనారు. ఆయన చేతికి పోయిన ఏ విషయమూ వారంలో తేలిన దాఖలా లేదు. ఆ మర్నాడే బజారుకు పోయి ఒక ఫైలు కొనుక్కొచ్చి, మీద 'వాహనము' అని ఎర్ర స్కెచ్చు పెన్నుతో రాశారు. రిటైరైన తరువాత ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

మొదట వాంగ్మూలం ఇచ్చింది మా తమ్ముడు. వాడికి కుప్పంలో గ్రానైటు పని. కృష్ణగిరి, బెంగుళూరు, చెన్నై అని రోజుకొక దిక్కు తిరుగుతుంటాడు. వాడి దగ్గరున్నది హైబ్రిడ్. అంటే పెట్రోలు ఇంజనూ ఉంటుంది, చిన్న బ్యాటరీతో మోటారూ ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా కొంచెం కరెంటు మిగుల్చుకుంటుంది. "తనకు తానే ఛార్జింగు ఎక్కుతాది బావా, మనం ఏమీ పెట్టే పనే లేదు" అని ఫోనులో చెప్పాడు. శక్తి ఊరికే పుట్టదని తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రతి ఏడూ చెబుతాను. బంకులో పోసిన పెట్రోలులోంచి వచ్చిందే అదంతా అని తమ్ముడికి చెప్పబోయాను. "నువ్వుండక్కా, ఇది వేరే టెక్నాలజీ" అన్నాడు. మా ఆయన ఫైల్లో 'తనకు తానే' అని రాసుకుని కింద గీత గీశారు.

రెండోవారు మా స్కూల్లో లెక్కల సారు. ఆయన ఏడాది కిందట అచ్చంగా కరెంటుతో నడిచే కారు కొన్నారు. కొన్న రోజు నుంచి ఆయనకు పెట్రోలు బంకులు కనపడితే జాలి. స్టాఫ్ రూములో ఎవరైనా బండిలో పెట్రోలు పోయించుకుని వచ్చామంటే, ఎవరో పోయినప్పుడు పెట్టే ముఖం పెడతారు. ఫుల్లుగా ఛార్జింగు పెడితే మూడొందల కిలోమీటర్లు పోతుందన్నారు. మీరెప్పుడైనా పోయారా అని అడిగితే, తమ ఇల్లు స్కూలుకు మూడు కిలోమీటర్లేనని, పోవాల్సిన అవసరం రాలేదని చెప్పారు.

మూడో పక్షం మా ఆయనే. ఒక పక్షానికి తీర్పు ఇస్తే రెండో పక్షం అప్పీలుకు పోతుందని ముప్పై ఏళ్ల సర్వీసు ఆయనకు నేర్పింది. అందుకని ఆయన ప్లగ్-ఇన్ అనే రకాన్ని కనిపెట్టారు. అది హైబ్రిడ్ లాంటిదే, కాకపోతే బ్యాటరీ పెద్దది, ఇంట్లో ప్లగ్గు పెట్టి ఛార్జింగు ఎక్కించుకోవచ్చు. అది అయిపోతే పెట్రోలు మీద పోవచ్చు. "ఇద్దరికీ న్యాయం జరుగుతుంది" అన్నారు. కార్లలో న్యాయం వెతికిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటారు. బ్యాటరీ అంటే ఏమిటో, అందులో ధన ధ్రువం, రుణ ధ్రువం ఎలా ఉంటాయో కాఫీ తాగుతూ నాకు అరగంట వివరించారు. పాఠం బాగానే చెప్పారు. నేను బడిలో అంత ఓపికగా చెప్పలేను.

షోరూముకు పోతే అక్కడి కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, కూల్ డ్రింకు ఇచ్చి, మాటలన్నీ ఆయనతోనే మాట్లాడారు. ప్లగ్-ఇన్ చూపించమని ఆయన అడిగారు. సేల్స్ అబ్బాయి తల గోక్కున్నాడు. ఆ రకం మన తావుల్లో లేదని, పెద్దోళ్లు కొనే కార్లలో ఒకటో రెండో ఉంటాయని, చూడాలన్నా బెంగుళూరుకు పోవాలని చెప్పాడు. మామూలు మనిషైతే అక్కడితో ఆ రకం పేరు కొట్టేసి ఇంటికి వస్తాడు. మా ఆయన ఫైల్లో 'పెండింగు' అని రాశారు. ఆ రకం మదనపల్లెకు వచ్చేదాకా ఆగుదామన్నారు.

అట్లా మూడు నెలలు ఆగాం. ఆగాం అంటే ఆయన ఫైలుతో ఇంట్లో ఆగారు, నేను రోజూ బస్టాండులో ఆగాను. టమాటా సీజను. బస్సు వెనకాల లారీ, లారీ వెనకాల బస్సు. మొదటి పీరియడు నాది కాకుండా టైంటేబుల్ మార్పించుకున్నాను. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఆయన యూట్యూబులో జర్మనీవాడెవడో మంచులో కారు నడిపే వీడియో చూస్తూ ఉండేవారు. మంచులో బ్యాటరీ తొందరగా అయిపోతుందట, ఆ సంగతి కూడా మనం ఆలోచించాలన్నారు. బయట మదనపల్లెలో ఏప్రిల్ నెల.

నా కష్టం చూసి లెక్కల సారే ఒక మాట అన్నారు. శని, ఆదివారాలు తన కారు తీసుకుపొమ్మని, కుప్పం పోయి వస్తే నాకే తెలుస్తుందని. పొద్దునే వాళ్లింటికి పోతే కారు నూటికి డెబ్బై ఛార్జింగు చూపిస్తోంది. ముందురోజు కరెంటు పోయి పూర్తిగా ఎక్కలేదట. "డెబ్బై శాతం అంటే రెండొందల పది కిలోమీటర్లు మేడమ్. కుప్పం వంద. నూటా పది మిగులు" అన్నారు. లెక్క సరిగ్గానే ఉంది. లెక్కల్లో ఎత్తుపల్లాలు, ఏసీ, ఎండ, మా ఆయన ఉండవు.

ఏసీ ఫుల్లుగా పెట్టమని మొదట అడిగింది ఆయనే. పుంగనూరు దాటగానే పెద్దపంజాణి వైపు తిప్పమన్నారు. అక్కడ ఆయనతో పనిచేసిన పాత మిత్రుడొకాయన ఉన్నారట, ఆయన అల్లుడు బెంగుళూరు నుంచి ప్లగ్-ఇన్ కారులో వచ్చి ఉన్నాడట, ప్రత్యక్షంగా విచారణ చేసుకుని పోదామన్నారు. పోయాం. మిత్రుడు మమ్మల్ని సాదరంగా పందిరి కిందకు తీసుకుపోయి కారు చూపించారు. మామూలు పెట్రోలు కారు. లోపల ముందొకటి, వెనకొకటి సెల్‌ఫోన్లకు ఛార్జింగు పెట్టుకునే సాకెట్లు ఉన్నాయి. "రెండు ప్లగ్గులు సార్" అని వేళ్లతో చూపించారు కూడా. మా ఆయన ఫైలు తెరవలేదు. కాఫీ తాగి లేచాం.

పలమనేరు చేరేటప్పటికి ముల్లు ముప్పైలోకి వచ్చింది. అక్కడ హైవే పక్కన ఛార్జింగు స్టేషను ఉందని ఫోను చెప్పింది. నిజంగానే ఉంది. దానికి టార్పాలిను కప్పి, తాడుతో కట్టి ఉంది. పక్కన కుర్చీలో వాచ్‌మన్ ఉన్నాడు. "వారమాయె పని చేయలా. మనిషి వస్తాడని చెప్పినారు" అన్నాడు. ఏ మనిషి అని అడిగితే, అది తనకు చెప్పలేదన్నాడు. వి.కోటలో ఇంకొకటి ఉందని మా ఆయన ఫోనులో చూసి, ఇక్కడినుంచి దోవ దిగుడే కాబట్టి పోవచ్చని తేల్చారు. ఆ దోవలో నేను ఏళ్లుగా కారు నడుపుతున్నాను. దిగుడు ఎంతో ఎక్కుడూ అంతే. ఆ మాట నేను అనాల్సింది. అనలేదు. వాదించే ఓపిక లేక బండి పోనిచ్చాను.

బైరెడ్డిపల్లె దాటినాక ఏసీ ఆపేశాను. అద్దాలు దించాను. నలభైలో పోతుంటే చెనక్కాయల మూటలతో ఉన్న ట్రాక్టరు మమ్మల్ని దాటి పోయింది, డ్రైవరు వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయాడు. తరువాత మీటరు దగ్గర పసుపు రంగులో తాబేలు బొమ్మ వెలిగింది, ఛార్జింగు అయిపోవస్తోంది, ఇంక నిదానంగానే పోతానని కారు చెప్పే గుర్తు అది. కారు తయారుచేసినవాళ్లకు హాస్యం కూడా తెలుసని అప్పుడు అర్థమైంది. మా ఆయన చాలాసేపటి నుంచి ఏమీ చెప్పడం లేదు. పెళ్లయినాక ఆయన పక్కసీట్లో అంత నిశ్శబ్దంగా ఉన్నది అదే మొదటిసారి. ఇంకొక సందర్భంలో అయితే సంతోషించి ఉండేదాన్ని.

రోడ్డు మీద ఆగిపోతే చెట్టు నీడ కూడా లేని తావు. అప్పుడు ఎడమపక్క ఒక ఇంటి వసారాలో కరెంటు స్కూటరు కనపడింది. గోడలోంచి వచ్చిన వైరు దానికి తగిలించి ఉంది. ఆ వైరు తప్ప నాకింకేమీ కనపడలేదు. బండి తిప్పి ఆ ఇంటి ముందర నిలబెట్టాను.

లోపలినుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. "ఛార్జింగేనామ్మా?" అంది.

మీకెట్లా తెలిసిందని అడిగాను.

"అంత నిదానంగా ఎవురూ ఊరికే రారు గదమ్మా" అంది.

ఆమె ఏఎన్ఎం. ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి బాలింతలకూ పసిపిల్లలకూ టీకాలు వేస్తుంది. ఇంట్లో వాళ్ల అత్త ఉంది. కూలికి పోయి కొడుకును చదివించిన మనిషి, ఇప్పుడు కోడలి జీతాన్ని ఊరందరికీ చెప్పుకుంటుంది, మాకూ చెప్పింది. వెనకపక్క గ్రైండరు కోసం పెట్టించిన పెద్ద ప్లగ్గు ఉంది. కారుతో పాటు ఇచ్చిన వైరు తీసి, కిటికీలోంచి లాగి, తగిలించాను. పచ్చలైటు రావాల్సిన చోట ఎర్రలైటు వచ్చింది. తీసి పెట్టాను. మళ్లీ ఎర్రది.

ఇది నాకు తెలిసిన విషయమే. ఎర్తు సరిగ్గా లేకపోతే ఆ కారు కరెంటు తీసుకోదు. ఇంక అయిపోయిందనుకున్నాను. ఎర్తు లేదమ్మా అని ఆమెతో చెప్పాను.

"ఉండాదమ్మా. ఎండిపోయింటాది" అని ఆమె నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయింది. గోడ వారగా ఒక బండరాయి. దాన్ని కాలితో జరిపితే కింద గుంత, గుంతలోంచి పైకి వచ్చిన ఇనప గొట్టం. "ఇల్లు కట్టేటప్పుడు ఉప్పు, బొగ్గు ఏసినారు. ఎండాకాలం నీళ్లు పోస్తాండాల. ఈ ఏడు నేనే మర్సిపోయినా" అంది.

ఇరవై ఆరేళ్లుగా నేను బోర్డు మీద ఆ గుంత బొమ్మ గీస్తున్నాను. ఉప్పు, బొగ్గు, తేమ ఉంటే విద్యుత్తు భూమిలోకి సులభంగా పోతుందని నోట్సు రాయిస్తున్నాను. మదనపల్లెలో మా ఇంటి ఎర్తు ఏ మూల ఉందో నాకు తెలియదు. ఆ నిమిషంలో సిగ్గుపడ్డాను, నవ్వు కూడా వచ్చింది.

ఇంతలో ఆమె అత్త బిందె తెచ్చి మా ఆయన చేతికిచ్చింది. అడగలేదు, ఇచ్చింది. తొట్టి ఆ పక్క, గుంత ఈ పక్క. మడత నలగని తెల్ల చొక్కాతో ఉన్న విశ్రాంత డిప్యూటీ తాసిల్దారు ఎనిమిది బిందెలు మోశారు. ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది. ఎనిమిదో బిందె పోసినాక కొంచెంసేపు ఆగి, ప్లగ్గు తీసి పెట్టాను. పచ్చలైటు వచ్చింది. ఆయన బిందె పట్టుకునే ఆ లైటు దగ్గర నిలబడి చాలాసేపు చూశారు.

కుప్పం చేరేంత ఛార్జింగు ఎక్కాలంటే మూడు గంటలు పడుతుంది. తమ్ముడికి ఫోను చేశాను. "నేను హైబ్రిడ్ ఏసుకొని వస్తా అక్కా, తాడు గూడా తెస్తా, కట్టి లాక్కొని పోదాం" అన్నాడు. వాడి గొంతులో అంత ఉత్సాహం వాడి పెళ్లిలో కూడా వినలేదు. వద్దన్నాను. అప్పుడప్పుడూ పోయి ప్లగ్గు దగ్గర గోడ మీద చెయ్యి పెట్టి, వేడెక్కుతోందేమో చూసుకుంటూ వసారాలో కూర్చున్నాను. ఉడకబెట్టిన చెనక్కాయలు పెట్టారు. మా ఆయన తువ్వాలుతో కాళ్లు తుడుచుకుని, ప్రాణం తెప్పించుకుని, ఆ ఏఎన్ఎంకు హైబ్రిడ్‌కూ ప్లగ్-ఇన్‌కూ తేడా వివరించడం మొదలుపెట్టారు. ఆమె చెనక్కాయలు ఒలుస్తూ ఓపికగా విన్నది. తన స్కూటరు కొని రెండేళ్లయిందని, మొదటి వారంలోనే ఒకసారి చింతతోపు దగ్గర ఛార్జింగు అయిపోయి తోసుకొచ్చిందని, ఆ తరువాత ఏ ఊరు పోయొస్తే ఎంత మిగులుతుందో తెలిసిపోయి మళ్లీ ఎప్పుడూ ఆగలేదని మధ్యలో చెప్పింది. వానాకాలంలో, చలికాలంలో తేడా ఎంతో కూడా చెప్పింది. జర్మనీవాడి కంటే బాగా చెప్పింది. మా ఆయన ఫైలు కారులోనే ఉండిపోయింది.

తరువాత ఆమె నా వైపు తిరిగింది. "బండి నడిపేది మీరే గదమ్మా. మీరు రోజూ యాడికి పోతారు?"

పుంగనూరు స్కూలుకని చెప్పాను. కుప్పానికి ఎన్నిసార్లని అడిగింది. నెలకొకసారి అన్నాను.

"ఆ ఒక్క దినానికి బస్సుండాది. మిగిలిన దినాలకు బండి కావాల గదా. నేను తిరపతికి స్కూటర్ మీద పోతానా?" అంది. అని, పొట్టు ఎత్తి బయట పారేయడానికి లేచి పోయింది.

నాకు ఆమె మీద కృతజ్ఞత కంటే ముందు నా మీద నాకే కోపం వచ్చింది. మూడు నెలల్లో తమ్ముడు అడగలేదు, లెక్కల సారు అడగలేదు, షోరూము వాళ్లు అడగలేదు, ఈయన అడగలేదు. సరే. నేను మాత్రం ఎందుకు చెప్పలేదు? బస్టాండులో నిలబడి అందరి మీదా లోపలే సణుక్కోవడం సులువుగా ఉండింది. పక్కసీట్లో కూర్చుని దోవ చెప్పే మనిషికి అలవాటు పడ్డ డ్రైవరును నేను, అంతే.

పోయేముందు డిక్కీలోంచి తమ్ముడి కోసం తెచ్చిన టమాటా బాక్సులో సగం తీసి బలవంతంగా ఇచ్చి వచ్చాను. కారు తిప్పుతున్నప్పుడు చూస్తే, ఇంటి వెనక వాళ్లది ఎకరా టమాటా తోట.

కుప్పం చేరేసరికి అయిదు. మధ్యాహ్నం వండిన భోజనం చల్లారిపోయింది, అమ్మ మాత్రం సగం ఊరికి మా సంగతి చెప్పేసింది. తమ్ముడు తాడు డిక్కీలోనే ఉంచుకున్నాడు, చూపించాడు కూడా. రాత్రంతా వాళ్లింట్లో ఛార్జింగు పెట్టి, పొద్దున నిండుగా ఎక్కినాక బయలుదేరాం. పెద్దపంజాణి వైపు తిరగలేదు. ఎక్కడా ఆగలేదు. మదనపల్లె చేరి కూడా మూడోవంతు మిగిలింది. ఏమీ జరగని ఆ ప్రయాణం గురించి ఎవరూ మాట్లాడలేదు. తాబేలు కథ మాత్రం సోమవారానికి స్టాఫ్ రూముకు చేరింది. లెక్కల సారు నొచ్చుకున్నారు. తన లెక్కలో తప్పు లేదని రెండుసార్లు చెప్పారు. లేదని నేనూ ఒప్పుకున్నాను.

ఆ వారంలోనే ఒక రోజు సెలవు పెట్టి షోరూముకు ఒక్కదాన్నే పోయాను. సార్ రాలేదా మేడమ్ అని అడిగాడు అదే అబ్బాయి. రాలేదన్నాను. వచ్చినాక మాట్లాడదామా అన్నాడు. "ఆయన నడపరు" అన్నాను. అప్పుడు కూల్ డ్రింకు పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చున్నాడు. రోజుకు నేను పోయిరావాల్సిన దూరానికి రెండింతలు పోగలిగిన చిన్న కరెంటు కారు, ఇంటి దగ్గర ఛార్జింగు పెట్టుకునే ఏర్పాటు, ఈ రెండే అడిగాను. మూడు నెలల విచారణ నలభై నిమిషాల్లో అయిపోయింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఎలక్ట్రీషియనును ఆయనే పిలుచుకొచ్చారు. మా ఇంటి ఎర్తు ఇన్నేళ్లుగా పూలకుండీల కింద ఉందని, దాని గొట్టం సగం తుప్పు పట్టిందని తేలింది. కొత్త గుంత తవ్వించారు. పక్కనే నిలబడి, ఉప్పు ఇంకా వేయమని, బొగ్గు చాలదని పనివాణ్ణి విసిగించారు. ఈ విషయంలో ఆయనకు అనుభవముంది కాబట్టి నేను కల్పించుకోలేదు.

కారు వచ్చి ఏడాది దాటింది. ఒకసారి గాలివానకు మా వీధి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి రెండు రోజులు కరెంటు లేదు. రెండో రోజు బస్సుకు పోయాను. అదొక్కటే నాగా. అంతకుమించి చెప్పుకోదగ్గ కష్టమేదీ అది పెట్టలేదు, అందుకని దాని గురించి చెప్పడానికి పెద్దగా కథలు లేవు. కుప్పానికి కొన్నిసార్లు కారులో పోతాను, కొన్నిసార్లు బస్సులో. కారులో పోయినప్పుడు ముందురోజే నిండుగా పెట్టుకుంటాను. బస్సులో పోయినప్పుడు పలమనేరులో మారి, వి.కోట దాకా నిద్రపోతాను. తమ్ముడికి హైబ్రిడే సరైంది, రోజుకొక దిక్కు పోయేవాడు ఎక్కడ ప్లగ్గు వెతుక్కుంటాడు? ఈ మాట వాడితో అన్నాను. వాడు ఆ రోజు నుంచి ఎందుకో తన కారును పొగడటం తగ్గించాడు.

ఇప్పుడు మా వీధిలో కారు కొనాలనుకునేవాళ్లు మా ఇంటికి వస్తున్నారు. ఏది మంచిది మేడమ్ అని మొదట నన్నే అడుగుతారు. మీరు రోజూ ఎక్కడికి పోతారు, బండి ఎవరు నడుపుతారు, ఇంట్లో ప్లగ్గు దగ్గరికి బండి వస్తుందా అని అడుగుతాను. వాళ్లు కొంచెం చిన్నబుచ్చుకుంటారు. సలహా అడిగితే ప్రశ్నలు వేస్తోందేమని వాళ్ల బాధ. లేచి, వసారాలో పేపరు చదువుతున్న మా ఆయన దగ్గరికి పోయి కూర్చుంటారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, మేము చాలా లోతుగా విచారణ చేసినాం అని మొదలుపెడతారు. నేను కాఫీ పెట్టడానికి లోపలికి పోతాను. రెండోసారి కూడా పెట్టాల్సి వస్తుంది.